గవరయ్య తువ్వాలుకి నూట పద్దెనిమిది ముడులు

నమోదు 2,611. పగలు, మూడో రోజు

మా నూకాలుకి నేర్పు పరీక్షలో తొంభై ఒకటి వచ్చింది.

ఈ పుస్తకంలో ఉతికిన గుడ్డల లెక్క తప్ప వేరేది రాయకూడదని మొదటి పేజీలోనే ఉంది. ఈ రోజు ఉతికినవి నలభై ఆరు, ఆరేసినవి నలభై ఆరు, చిరిగినవి లేవు. లెక్క అయిపోయింది. ఇక మిగిలిన పేజీ నాది.

తొంభై ఒకటి అంటే మాటలా. చందమామ మీదున్న అయిదు గుహల్లోనూ ఏడేళ్ళు నిండిన పిల్లలు నాలుగు వందల పన్నెండు మంది రాస్తే, మొదటిది మా నూకాలు. బొడ్డు గవరయ్య కూతురు. పదో తరగతి రెండుసార్లు తప్పి, మూడోసారి పరీక్ష రోజున చేపల వేటకి పోయిన గవరయ్య కూతురు. కబురు వినగానే ఎగిరాను. ఇక్కడ ఎగిరితే తొందరగా కిందికి రాము కదా, తల వెళ్ళి పైకప్పుకి తగిలింది. బొప్పి కట్టింది. ఇంత తియ్యటి బొప్పి నా అరవై ఏడేళ్ళలో కట్టలేదు.

ఈ పేజీలు కాపీ తీసి భూమి మీది చుట్టాలకి పంపాలనుకుంటున్నాను కాబట్టి వాళ్ళకి తెలియడానికి నాలుగు ముక్కలు. ఇక్కడ పగలు పద్నాలుగు రోజులు, రేయి పద్నాలుగు రోజులు. ఇక్కడి దుమ్ము గాజుపొడిలా ఉంటుంది. బయట పని చేసొచ్చినవాళ్ళ వెంట అది గుహలోకి వస్తుంది. పెద్ద ఫ్యాన్లు గాలిని గుడ్డల గుండా లాగి దుమ్ము పడతాయి. ఆ గుడ్డల్ని మిషన్లో వేస్తే చిరుగుతాయి, అందుకే ఈ వడపోత గదిలో నేనూ, నాతో పనిచేసే బాబ్జీ చేత్తో ఉతుకుతాం. మా ఆవిడ తవిటమ్మ మంచు గనిలో పని, ఇరవై రోజులు అక్కడ, పది రోజులు ఇంట్లో. నా అరవయ్యో ఏట పుట్టిన పిల్లని అందుకే ఎక్కువ నేనే చూసుకుంటాను. మిగతా పిల్లల్లాగే నూకాలు కూడా రోజుకి నాలుగు గంటలు పెట్టె పంతులు దగ్గర కూర్చుంటుంది. మాట్లాడే పెట్టె అది. దానికి రాని పాఠం లేదు.

మధ్యాహ్నం నూకాలు వానలోకి పరిగెత్తే కుక్కపిల్లలా గదిలోకి దూకి వచ్చింది.

"నానా, ఒక ప్రశ్నకి నాకు తెలీదనీసి రాసినాను. అయినా తొంభై ఒకటి ఇచ్చినారు."

"తెలీందానికి తెలీదనే రాయాలే గుంటా," అన్నాను.

"మావా, తొంభై ఒకటి నీది కాదు, నీ పెళ్ళానిది. నీ బుర్రయితే పంతొమ్మిది వచ్చీది," అన్నాడు బాబ్జీ. వాడి మాటలకేం గాని, వాడే మా ఇద్దరికీ చెరో ఖర్జూరం ఇచ్చాడు.

నమోదు 2,612. పగలు, నాలుగో రోజు

ఉతికినవి నలభై నాలుగు. చిరిగింది ఒకటి, బాబ్జీ చేతిలో.

పెంపకం ఆఫీసు నుంచి కబురు. కస్తూరి గారనే ఆఫీసరు ఎల్లుండి వడపోత గదికే వస్తారట, నూకాలు మార్కు గురించి మాట్లాడాలట. శాలువా కప్పుతారేమో. దాచుకున్న మినుములు మొత్తం వేయించి సున్నుండలు చుట్టాను. నెయ్యి తక్కువైంది, విడిపోతున్నాయి. నూకాలు చెయ్యి తడి చేసుకుని చుట్టింది, నిలబడ్డాయి. అది నేను నేర్పిందే, కిందటి పుట్టినరోజుకి.

అప్పుడు వేసిన ముడి నా తువ్వాలుకి ఉంది. ఈ ముడుల సంగతి కూడా చుట్టాలకి చెప్పాలి. గుహ కట్టిన కొత్తలో ఒకాయన తనకి పని వచ్చునని చెప్పి తప్పు కవాటం తిప్పాడు, గాలి ఆగిపోయింది. ముగ్గురు పోయారు. అప్పటి నుంచి మా గదిలో ఒక పద్ధతి. ఎవరి దగ్గరైనా పని నేర్చుకుంటే అందరి ముందూ చేసి చూపించి, నేర్పినవాళ్ళ తువ్వాలు అంచు పోగులకి ఒక ముడి వేయాలి. ఆ ముడి పట్టుకుని ఎవరైనా, ఎప్పుడైనా "ఇదేటి" అని అడగొచ్చు. వేసినవాళ్ళు అక్కడికక్కడ చేసి చూపించాలి. చూపించలేకపోతే ముడి విప్పేస్తారు. ఎవరి ముడైనా విప్పితే ఆ పూట వాళ్ళు అన్నం సరిగా తినరు, అంత నామోషీ.

నూకాలు మూడో ఏట నుంచీ గదిలో తిరుగుతూ ఆ పద్ధతి పట్టుకుంది. ఏం నేర్చుకున్నా వచ్చి నా తువ్వాలు లాగుతుంది. నా తువ్వాలు ఇప్పుడు తువ్వాలులా లేదు, వలలా ఉంది.

నమోదు 2,614. పగలు, ఆరో రోజు

ఉతికినవి ఇరవై. అంతకన్నా చేతకాలేదు.

కస్తూరి గారు వచ్చారు. నలభై ఏళ్ళుంటాయి, నెమ్మదస్తురాలు. శాలువా లేదు. చేతిలో పలక ఉంది. సున్నుండ తిని, ఇంకోటి తీసుకుని, అప్పుడు మొదలుపెట్టారు.

"గవరయ్య గారూ, ఈ ఊరికి గనుల కన్నా పిల్లలే పెద్ద ఆస్తి. ఏ పిల్లకి నేర్పు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే అక్కడే ఇంకాస్త పెడతాం. తల్లిదండ్రుల వల్ల వచ్చిందనుకోండి, వాళ్ళకి పని తగ్గించి ఇంట్లో ఉండమంటాం. పెట్టె వల్ల వచ్చిందనుకోండి, పెట్టె గంటలు పెంచుతాం."

"బాగుందమ్మా," అన్నాను.

"మీ అమ్మాయి లెక్క చూశాను. పెట్టెతో నాలుగు వేల ఎనిమిది వందల గంటలు. అమ్మతో పంతొమ్మిది వందలు. నాన్నతో సున్నా."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"మణికట్టుకి పెట్టుకునే పట్టీలే ఈ గంటలు లెక్కపెడతాయి. అమ్మాయి పట్టీ, మీ పట్టీ పదడుగుల లోపు ఉంటే గంట పడుతుంది. మీ పట్టీ ఏడేళ్ళుగా ఈ గది దాటి బయటికి రాలేదు. రికార్డు ప్రకారం మీరు ఇక్కడే ఉంటున్నారు. ఇక్కడే పడుకుంటున్నారు. ఎక్కువ కాలం గడిపింది ఆ ఫ్యానుతో."

బాబ్జీ దగ్గుతూ గుడ్డల చాటుకి పోయాడు.

విషయం ఇది. తండ్రి చెయ్యి లేకుండా తొంభై ఒకటి వచ్చింది కాబట్టి నూకాలుకి పెట్టె పంతులు బాగా పడింది, రోజుకి పన్నెండు గంటలు ఇస్తే ఇంకా పైకి పోతుంది. పెద్ద బిలంలో పిల్లలు అక్కడే ఉండి చదువుకునే పెంపకశాల ఉంది. రైల్లో ఒక రోజు దారి. మూడు నెలలకోసారి ఇంటికి పంపుతారు. పద్నాలుగో రోజు పొద్దు గుంకగానే రైలు. మాకు కిటికీ ఉన్న రెండు గదుల ఇల్లు ఇస్తారట, కిటికీలోంచి భూమి కనబడుతుందట.

"ఇది శిక్ష కాదు గవరయ్య గారూ, గౌరవం," అన్నారు కస్తూరి గారు. నిజంగానే అన్నారు, ఆవిడ కళ్ళలో కపటం లేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

నమోదు 2,616. పగలు, ఎనిమిదో రోజు

ఉతికినవి ముప్పై ఎనిమిది.

ఈ పుస్తకం నెలాఖరుకి సూపర్వైజరు చదువుతాడు. అయినా రాస్తున్నాను.

పట్టీ హాజరు కోసం అనుకున్నాను. అది గదిలోకి వస్తే హాజరు పడుతుంది, బయటికి పోతే పడదు, ఉద్యోగంలో చేరినప్పుడు నాకు చెప్పింది అంతే. నీళ్ళలో చేతులు పెట్టేవాళ్ళం ఎలాగూ దాన్ని విప్పి ఫ్యాను పక్క మేకుకి తగిలిస్తాం. నూకాలు గదిలో తిరిగినా ఫ్యాను పదడుగుల లోపుకి ఏ రోజూ రానివ్వలేదు, అందుకే ఆ సున్నా. నూకాలు పుట్టాక పొద్దున్నే దానికి పాలు పట్టి, ఒళ్ళు తుడిచి, తర్వాత తర్వాత జడ వేసి, అన్నం తినిపించి వచ్చేసరికి నలభై నిమిషాలు ఆలస్యం అయ్యేది. అందుకని పట్టీని రోజంతా, రేయంతా మేకుకే వదిలేశాను. నేను రాకపోయినా నా హాజరు పడుతుంది. ఏడేళ్ళు ఒక్క రోజు కూడా ఆలస్యం కాని పనివాడినని కిందటేడు నాకు స్టీలు గ్లాసు బహుమతి కూడా ఇచ్చారు. ఆ గ్లాసులోనే నూకాలు పాలు తాగుతుంది.

నలభై నిమిషాలూ నా వాటా గుడ్డలు బాబ్జీ ఉతికాడు. సాయంత్రం ఉండి నేను వాడి వాటా ఉతికేవాణ్ణి. గుడ్డలు ఏ రోజూ ఆగలేదు. కానీ దొంగ హాజరు దొంగ హాజరే.

"మావా, ఆ పేజీ చింపీ," అన్నాడు బాబ్జీ. "దొంగ హాజరంటే ఉద్యోగం పోద్ది. ఈ వయసులో ఉద్యోగం పోతే భూమికి పంపీస్తారు. గుంట ఇక్కడే పుట్టినాది, దాని ఎముకలు భూమి బరువు ఆగవు. అది నీతో అక్కడికి రాలేదు, నివ్వు ఇక్కడ ఉండలేవు. అప్పుడు మూడు నెలలకోసారి కూడా ఉండదు."

వాడు చెప్పింది నిజం. చెప్పకపోతే పిల్ల రైలెక్కుతుంది. చెప్తే నేను రాకెట్టు ఎక్కొచ్చు.

పేజీ చింపలేదు. ఇది అరవై గ్రాముల కాగితం, భూమి నుంచి వచ్చింది. చింపడానికి చెయ్యి రాలేదు. ఇంకో కారణం కూడా ఉంది గాని రాయడం రావడం లేదు.

నమోదు 2,617. పగలు, తొమ్మిదో రోజు

ఉతికినవి నలభై.

తవిటమ్మ గనిలోంచి మాట్లాడింది. లైను పది నిమిషాలే ఇస్తారు. నేను మొదట ఆరు నిమిషాలు తొంభై ఒకటి గురించే చెప్పాను, సంతోషం ఆగలేదు. తర్వాత మిగతాది చెప్పాను.

"ఏటయ్యా, ఫ్యానుతో కాపరం సేసినావా ఏడేళ్ళు," అంది.

"నవ్వకే."

"నవ్వకేటి సెయ్యమంటావు. వెళ్ళి నిజం సెప్పీ."

"భూమికి పంపీస్తే?"

"పంపనీ. దొంగ రికార్డు మీద గుంట పెరగాలా? రేపు అది పెద్దదయ్యి, మా అయ్య నాతో ఒక్క గంటా లేడు, రాసుంది కదా అనుకుంటే నివ్వు ఆగలేవు."

లైను అయిపోయింది. నాకు ఇంకో అనుమానం ఉండిపోయింది. పిల్లని దగ్గరుంచుకోవాలనుకోవడం దాని కోసమా, నా కోసమా? పెంపకశాలలో అది ఇంజనీరు కావచ్చు. నా దగ్గర గుడ్డలు తప్ప ఏమున్నాయి? అందుకని నూకాలునే అడిగాను, గుడ్డ చెరో కొసా పట్టుకుని పిండుతూ.

"పెట్టె పంతులుకి అన్నీ వచ్చు నానా," అంది. "కానీ అది నన్ను ఏ పనీ సెయ్యమని అడగదు. నాను లేకపోయినా దానికి ఏటీ ఆగిపోదు. ఇక్కడ నాను పట్టుకోపోతే ఈ గుడ్డ నీకు పిండడం అవదు కదా."

అవుతుంది, ఒక్కడినే పిండగలను. ఆ మాట చెప్పలేదు. నిజం చెప్పేయాలని మనసులో తేల్చేసుకున్నాను.

నమోదు 2,620. పగలు, పన్నెండో రోజు

ఉతికినవి నలభై ఎనిమిది. అందులో రెండు ఆఫీసరు గారు ఉతికారు. ఎలాగో రాస్తాను.

కస్తూరి గారిని నేనే పిలిపించాను. మిగిలిన ఒక్క సున్నుండా పళ్ళెంలో పెట్టాను. నిలబడి మొత్తం చెప్పేశాను. మేకు చూపించాను, స్టీలు గ్లాసు కూడా తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆవిడ గ్లాసు అటూ ఇటూ తిప్పి చూశారు.

"మీరు అబద్ధం చెప్తున్నారనను," అన్నారు చివరికి. "కానీ ప్రతి తండ్రీ వచ్చి నేను రోజూ పిల్లతోనే ఉన్నానంటాడు. పట్టీలు పెట్టింది అందుకే. నోటి మాట లెక్కలోకి రాదు. ఇంకేదైనా రుజువు ఉందా?"

తల దించుకుని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాను.

"అదేటి మరి?" అన్నాడు బాబ్జీ. "మేడమ్ గారూ, మావ ముఖం కాదండి, ముఖం మీదున్నది సూడండి."

తువ్వాలు బల్ల మీద పరిచాడు. ముడుల పద్ధతి వాడే చెప్పాడు. నాకన్నా బాగా చెప్పాడు. కస్తూరి గారు వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. నూట పద్దెనిమిది. అన్నీ చిన్న వేళ్ళు వేసిన ముడులే, కింద ఉన్నవి వంకరగా, పైకొచ్చే కొద్దీ సమంగా.

"ఏదైనా పట్టుకోవచ్చా?"

"పట్టుకుని, ఇదేటి అనాలి," అంది నూకాలు. దానికి భయం లేదు.

మొదటి ముడి పట్టుకున్నారు. నూకాలు ఉతికిన గుడ్డల్లో ఒకటి తీసి కింది పెదవికి రాసుకుంది. "దీన్లో ఇంకా దుమ్ముంది. వేలికి తెలీదు, పెదవికి తెలుస్తాది." నీళ్ళలో ముంచితే అడుగున బూడిదరంగు గీత పడింది. ఆ గుడ్డ బాబ్జీ ఉతికింది.

రెండోది నీళ్ళ ముడి. కళ్ళు మూసుకుని నిలబడింది. నేను డ్రమ్ములోకి నీళ్ళు పోశాను. ఇక్కడ నీళ్ళు మెల్లగా దిగుతాయి, చప్పుడు కూడా మెల్లగా మారుతుంది. "సాలు. పద్నాలుగు చెంబులు," అంది. కొలిస్తే పద్నాలుగే. ఏడు గుడ్డలకి చెంబు లెక్కన ఎన్ని గుడ్డలకి వస్తాయని కస్తూరి గారు అడిగారు. తొంభై ఎనిమిది అని చెప్పి, "బాబ్జీ మావ ఉతికితే అరవై," అంది.

మూడోది పట్టుకుంటే నూకాలు నా వైపు చూసింది. "అది సెప్పకూడదు మేడమ్."

"చెప్పకపోతే విప్పేస్తారట కదా?"

"సెప్పను, సేసి సూపిస్తాను." గదిలోకి ఎవరో అడుగు పెట్టినంత సహజంగా గుమ్మం వైపు తిరిగి "సూపర్వైజరు గారూ, రండి" అంది. కస్తూరి గారూ బాబ్జీ ఇద్దరూ అటు తిరిగారు. ఇటు తిరిగేసరికి పళ్ళెంలో సున్నుండ లేదు, నూకాలు బుగ్గ ఉబ్బి ఉంది. నేను నేల చూశాను. కస్తూరి గారు నవ్వడం అప్పుడే మొదటిసారి చూశాను.

అలా పదిహేడు ముడులు అడిగారు. పిండడానికి అవతలి కొస పట్టుకునేవాళ్ళు కావాలంటే ఆవిడే చొక్కా చేతులు పైకి మడిచి పట్టుకున్నారు. పద్దెనిమిదోది నల్లపోగు ముడి, మిగతావాటి కన్నా పెద్దది.

"ఇదేటి?" అన్నారు. ఆవిడకి కూడా మా యాస వచ్చేసింది.

"ఇది తెలీదు ముడి," అంది నూకాలు. "మా గదిలో తెలీందానికి తెలీదు అనాలి. తెలుసని సెప్పీసి కవాటం తిప్పితే ఊపిరి ఆగిపోద్ది. ముందు మా నాన అంటాడు, నాకు తెలీదు, అడిగొస్తాను ఉండు, అనీసి. నాను నాలుగో ఏట నేర్సుకున్నాను. ఇది నేర్సుకోడానికి అన్నింటికన్నా ఎక్కువ రోజులు పట్టింది."

కస్తూరి గారు ముడి వదల్లేదు. మెల్లగా అడిగారు, "పరీక్షలో ఆఖరి ప్రశ్నకి నువ్వు రాసింది నీకు గుర్తుందా?"

"డ్రమ్ములో సగం నీళ్ళున్నాయి, మూడు రోజులకి ఎంత ఉంటాయి అన్నారు. ఎంతమంది వాడుతున్నారో సెప్పలేదు. తెలీదు, అడిగి వచ్చి సెప్తానని రాసినాను."

ఆవిడ పలకలో కూడా పెట్టె పంతులు పలుకుతుంది, దాన్ని అదే ప్రశ్న అడిగారు. అది గొంతు సవరించుకుని, "ఐదో వంతు నీళ్ళు మిగులుతాయి," అంది. ఎలా అంటే, చక్కగా నాలుగు మెట్లలో లెక్క కూడా చెప్పింది.

"నాలుగు వందల పన్నెండు మందిలో నాలుగు వందల పదకొండు మంది ఇదే రాశారు," అన్నారు కస్తూరి గారు. "అందరికీ నేర్పింది ఈ పెట్టే. మీ అమ్మాయికి మార్కు తెచ్చింది ఆ ప్రశ్న. పెట్టెకి రానిది పెట్టె ఎలా నేర్పుతుంది. ఈ సంగతి మా లెక్కలో ఎక్కడా లేదు గవరయ్య గారూ. ఎందుకు లేదో నాకు..." అని ఆగి, "తెలీదు. అడిగి వస్తాను," అన్నారు.

పోయేముందు నూకాలు ఆవిడ దారికి అడ్డం నిలబడింది. "మేడమ్, మీరు పిండడం నేర్సుకున్నారు కదా. రెండు గుడ్డలు పిండి సూపించి, ముడి వెయ్యాలి."

ఆవిడ ఉతికారు, పిండారు, ముడి వేశారు. నూట పంతొమ్మిది. వంకరగా ఉంది.

నమోదు 2,622. పగలు, పద్నాలుగో రోజు

నూకాలు రైలెక్కడం లేదు. మా నూకాలు ఇంట్లోనే ఉంటుంది. నేనూ ఇక్కడే ఉంటాను. మళ్ళీ ఎగిరాను, పాత బొప్పి మీదే తగిలింది.

ఉతికినవి ఎన్నో బాబ్జీ లెక్కపెట్టాడు, నేను లెక్కపెట్టలేదు.

తీర్పు మధ్యాహ్నం వచ్చింది. ఏడేళ్ళూ, ఏడాదికి మూడు వందల పనిరోజులూ, రోజుకి నలభై నిమిషాలూ కలిపితే పద్నాలుగు వందల గంటలు. మిగతా గంటలకి సాక్ష్యం లేదు గాని, ఈ ఆలస్యం నేనే ఒప్పుకున్నాను, బాబ్జీ సాక్ష్యం ఉంది. అందుకని కస్తూరి గారు పద్నాలుగు వందలూ నూకాలు కాగితంలో నాన్న గంటల కింద రాశారు. సూపర్వైజరు అదే పద్నాలుగు వందలూ నా కాగితంలో ఆలస్యం కింద రాశాడు. ఒకే అంకె, రెండు కాగితాలు. నాకు రెండూ ఫ్రేము కట్టించుకోవాలని ఉంది.

ఆలస్యానికి శిక్ష ఉంది. పద్నాలుగు వందల గంటలూ నేను తిరిగి చేయాలి. గుడ్డలు ఉతికి కాదు. రోజుకి రెండు గంటలు, గుహలో ఏడేళ్ళ లోపు పిల్లలు తొమ్మిది మంది నా దగ్గర నేర్చుకోడానికి వడపోత గదికి వస్తారు. వాళ్ళు నేర్చుకున్నదానికి పట్టీ చూడరు, తువ్వాలు చూస్తారు. నాకు అరవై తొమ్మిది నిండేదాకా సరిపోతుంది ఈ శిక్ష. తర్వాత ఇంకేదైనా తప్పు చేయాలి.

కిటికీ ఇల్లు ఇవ్వరట. స్టీలు గ్లాసు వెనక్కి తీసుకున్నారు. నూకాలు రేపటి నుంచి చెంబుతో తాగుతానంది. కొత్త తువ్వాలు ఒకటి ఇచ్చారు, అంచు పోగులు పొడుగ్గా ఉన్నది.

ఈ కబురు చెప్పాల్సినవాళ్ళు:

తగరపువలసలో మా పెద్దప్ప పైడితల్లి. చెవుడు ఎక్కువైంది, రాసి చూపించాలి.

పాలకొండలో బావమరిది తాతబాబు. ఫోను ఎత్తడు, వాళ్ళావిడకి చెప్తే వీధంతటికీ చేరుతుంది.

మూడో గుహలో పెదనాన్న కొడుకు సింహాద్రి. వాళ్ళబ్బాయికి ఎనభై ఎనిమిది వచ్చింది, నెమ్మదిగా చెప్పాలి.

భీమిలిలో మా పదో తరగతి లెక్కల మాస్టారి అబ్బాయి. చుట్టం కాదు, అయినా చెప్పాలి. మాస్టారు ఉంటే నమ్మేవారు కాదు.

బొబ్బిలిలో మేనకోడలు రాములమ్మ. దాని కడుపులో ఉన్నదానికి కూడా వినిపించేలా గట్టిగా చదవాలి.

బాబ్జీ వాళ్ళమ్మ. కొడుకు సాక్ష్యం చెప్పాడని తెలిస్తే సంతోషిస్తుంది, గుడ్డ చింపాడని చెప్పక్కర్లేదు.

మంచు గనిలో నా భార్య తవిటమ్మ. ఈ పేరు నూకాలు చూసి చెప్తే ఇప్పుడు రాశాను. అందరికన్నా ముందు చెప్పాల్సిన మనిషిని మర్చిపోయానని ఆవిడకి తెలియకూడదు. ఎలా కప్పిపుచ్చాలో నూకాలుని అడిగాను. తెలీదంట, అమ్మనే అడిగి వస్తుందట.